ఆరు చుట్ల మోటారు

చిత్తూరు పాత బస్టాండు వెనక సందులో హజరత్ వలి మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి ఇద్దరు మోసుకొచ్చే పెద్ద మోటార్లు అన్నీ అక్కడికే వస్తాయి. నాలుగేళ్ల కిందట వలికి చేతులు వణకడం మొదలైంది. సన్న తీగ వేళ్ల మధ్య నిలవడం మానేసింది. అప్పటి నుంచి ఆయన ముందు కుర్చీలో కూర్చుని గిరాకీతో మాట్లాడతాడు. లోపల ముక్కాలి పీట మీద కూర్చుని తీగ చుట్టేది కూతురు షబ్రీన్. ఆమెకు ముప్పై మూడేళ్లు. మొదట్లో వచ్చినవాళ్లు ఆమెను చూసి "మీ నాయన చుట్టడా?" అని అడిగేవాళ్లు. ఏడాది తిరిగేసరికి "పాప చుడతాదా, లేకుంటే రేపు రానా?" అని అడగసాగారు.

మార్చి నెలలో ఒక ఉదయం రాజారత్నం మిక్సీ పట్టుకుని ఆ షాపుకు వచ్చాడు. రైలు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్లొచ్చినా వెన్ను నిటారుగా ఉంటుంది. గడప దగ్గర మాత్రం ఆగి, తల అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసుకుని గానీ అడుగు వెయ్యలేదు. ఆయనకు గ్లకోమా. ఎదురుగా ఉన్నది కనబడుతుంది గానీ పక్కలు కనబడవు.

మిక్సీ విప్పుతున్నంతసేపూ బెంచీ మీద కూర్చున్న ఆయన చేతికి, బిల్లుల మీద బరువుగా పెట్టిన ఒక వస్తువు తగిలింది. అరచేయంత వెడల్పు, రెండు వేళ్ల ఎత్తు. గుండ్రంగా, నల్లగా ఉంది. తీసి తిప్పాడు. లోపలి అయస్కాంతాలు టక టకమని పట్టి వదిలాయి.

"ఇది ఈడికెట్ల వచ్చిందమ్మా?"

"మామిడి తోటలకు మందు కొట్టే డ్రోను మోటారు సార్. కాలిపోతే తెచ్చి ఇచ్చినారు. మళ్లీ రాలేదు, కొత్తది కొనుక్కున్నామన్నారు," అంది షబ్రీన్.

రాజారత్నం దాన్ని కింద పెట్టలేదు. అలా తిప్పుతూనే తన సంగతి చెప్పాడు. ఇంట్లో ఆయన ఆరేళ్లు కష్టపడి కట్టిన విమానం ఒకటి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు రెక్కలు ఎనిమిదడుగులు. రిమోటుతో ఎగరాల్సినది. తేలికైన బాల్సా చెక్కను బ్లేడుతో కోసి, రెక్క ఎముకలు ఒక్కొక్కటీ ఇసుక కాగితంతో రుద్ది, అతికించి, పైన పలచని ప్లాస్టిక్ పొరను ఇస్త్రీపెట్టెతో బిగించాడు. ముక్కుకు చిన్న పెట్రోలు ఇంజను తెప్పించాడు. నేల మీద పరీక్షించిన రోజే ఇంజను లోపలి ఇరుసు విరిగిపోయింది. దాన్ని చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. విమానం ఒక్కసారైనా ఎగరకుండానే అటక ఎక్కింది.

"ఈ మోటారే చుట్టి దానికి పెడితే లెయ్యదా సార్?" అని అడిగింది షబ్రీన్.

ఆయన నవ్వాడు. "ఐదు కేజీల విమానం పాపా! బ్యాటరీతో లేసేది పిల్లకాయల ఆటబొమ్మలు."

"మీరు రైలు దేంతో తోలినారు?"

"ముందు డీజిలు. తరువాత కరెంటు."

"డీజిలు లాగిన గూడ్సును కరెంటు బండి లాగలేదా?"

రాజారత్నం చేతిలోని మోటారును ఇంకోసారి తిప్పాడు. "ఇంకా నాలుగు పెట్టెలు ఎక్కువే లాగింది," అన్నాడు.

ముందు కుర్చీలోంచి హజరత్ వలి గట్టిగా నవ్వాడు.

ఆ మర్నాడే షబ్రీన్ ఆయన ఇంటికి వెళ్లింది. అటక మీద నుంచి దించి, హాల్లో మంచం మీద పెట్టిన విమానం చుట్టూ ఆమె ఒకసారి తిరిగి చూసింది. రెక్క మీద వేలు పెడితే పొర డోలు చర్మంలా బిగుతుగా ఉంది. దాని కింద ఎముకలు సమాన దూరంలో, ఒకే ఎత్తులో వరసగా కనిపించాయి. అంత శుభ్రమైన చేతిపని ఆమె తన నాయన చుట్టిన మోటార్లలో తప్ప ఎక్కడా చూడలేదు.

మోటారు పని మొదలుపెట్టింది. మాడిన తీగ విప్పుతూ లెక్కపెట్టింది. లోపలి ఇనుప చక్రానికి ముప్పై ఆరు పళ్లు. ఒక్కో పంటికి పద్నాలుగు చుట్లు. డ్రోనులో అది నలభై నాలుగు వోల్టుల మీద నింపాదిగా తిరిగేది. ఇక్కడ బ్యాటరీ అందులో సగం వోల్టులే, కావాల్సిన వేగమేమో ఎక్కువ. చుట్లు తగ్గిస్తే వేగం పెరుగుతుంది, కానీ కరెంటు ఎక్కువ తాగుతుంది కాబట్టి తీగ లావు కావాలి. కాగితం మీద మూడు రోజులు లెక్కలు వేసి, పంటికి ఆరు చుట్లని తేల్చింది. దానికి పద్దెనిమిది అంగుళాల ప్రొపెల్లరు సరిపోతుందన్నాడు రాజారత్నం. స్పీడు కంట్రోలరు, ఆరు సెల్లుల లిథియం బ్యాటరీలు మూడు, రిమోటు తిరుపతి నుంచి వచ్చాయి.

పెట్రోలు ట్యాంకు తీసేసిన చోట బ్యాటరీ కూర్చోవడానికి ఆయన చెక్కతో జారుడు పలక చేశాడు. రెక్క కింద చెరో పక్క ఒక్కో వేలు పెట్టి విమానాన్ని లేపితే, ముక్కు వాలకుండా, తోక వాలకుండా సమంగా నిలవాలి. తోక బరువైతే ఎంత గొప్ప మోటారున్నా కూలిపోతుంది. షబ్రీన్ బ్యాటరీని అంగుళం అంగుళం ముందుకు జరుపుతుంటే, ఆయన రెండు వేళ్ల మీద విమానాన్ని లేపి, "ఇంకా... ఇంకా... ఆఁ, ఆడ నిలుపు," అన్నాడు.

"మరి ఎగరేసేది ఎవరు సార్?" అని అడిగింది ఆమె ఆ రోజు.

"నువ్వే."

"నేనా? నాకేం తెలుసు?"

"నేర్పిస్తా. గుంతకల్లులో పని చేసేటప్పుడు పదేళ్లు ఎగరేసినాను. ఇప్పుడు విమానం పక్కకు తిరిగితే నాకు యాడుండాదో కనపడదు. నీకు కనపడతాది. ఇద్దరం కలిస్తే ఒక పైలట్టు."

పార్సిళ్లలో వచ్చే ఫోము షీట్లతో ఆయన మూడడుగుల చిన్న విమానం కట్టి ఇచ్చాడు. ఏప్రిల్ అంతా, ఎండ ముదరకముందే, ఊరి బయట బీడులో షబ్రీన్ నేర్చుకుంది. నేర్చుకుంది అనేకంటే కూల్చింది అనాలి. దూరంగా పోయేటప్పుడు బాగానే ఉండేది. తన వైపు తిరిగి వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యేవి. కుడికి తిప్పబోతే ఎడమకు తిరిగి కంపచెట్టు మీద పడేది. ముక్కు నాలుగుసార్లు, రెక్క రెండుసార్లు అతికించారు.

ఐదోసారి ముక్కు విరిగినప్పుడు ఆమె రిమోటు నేల మీద పెట్టేసింది. "నావల్ల కాదు సార్."

రాజారత్నం ముక్కలు ఏరుకుంటూ అన్నాడు: "కుడి ఎడమలు మర్సిపో. విమానం నీ వైపు వస్తాంటే ఏ రెక్క కిందికి వాలిందో అది మాత్రమే సూడు. ఆ రెక్క ఏ పక్కనుంటే ఆ పక్కకే రిమోటు కర్ర తొయ్యి. వాలిన గోడకు గుంజ పెట్టినట్టు. అంతే."

మరుసటి ఉదయం ఆమె గుంజ పెట్టింది. వాలిన రెక్క లేచింది. విమానం తిన్నగా ఆమె నెత్తి మీదుగా పోయింది. ఆ రోజు బ్యాటరీ అయిపోయేదాకా ఒక్కసారి కూడా పడలేదు.

తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే ధనశేఖర్, ఇంకో పది పన్నెండు మంది కలిసి పాకాల దగ్గర ఎండిపోయిన చెరువు మైదానంలో ఆదివారాలు విమానాలు ఎగరేస్తారు. మే మొదటి ఆదివారం రాజారత్నం, షబ్రీన్, హజరత్ వలి ట్రాలీ ఆటోలో పెద్ద విమానాన్ని తీసుకుని అక్కడికి వెళ్లారు. రెక్కలు బిగించి నేల మీద నిలబెట్టగానే అందరూ చుట్టూ మూగారు. ధనశేఖర్ మోకాళ్ల మీద కూర్చుని చెక్కపని చూశాడు. "ఏం పని సార్ ఇది!" అన్నాడు మనస్ఫూర్తిగా. తరువాత ముక్కు దగ్గరికి వచ్చి ఆగాడు.

"మోటారు ఏ కంపెనీది?"

"నేను చుట్టినాను," అంది షబ్రీన్.

"ఇంట్లోనా?"

"షాపులో."

ధనశేఖర్ ముఖం మారింది. కొత్త మోటారు ఏదైనా సరే ముందు నేల మీద కట్టేసి మూడు నిమిషాలు పూర్తి వేగంతో తిప్పాలన్నది వాళ్ల నియమం. తోకకు తాడు కట్టి మేకుకు బిగించారు. ముందున్న జనాన్ని పక్కకు జరిపారు. షబ్రీన్ రిమోటులో వేగం కర్రను మెల్లగా పైకి తోసింది. ప్రొపెల్లరు గాలికి వెనక దుమ్ము లేచింది. తాడు తీగలా బిగిసింది. బ్యాటరీ తీగకు తగిలించిన మీటరు వెయ్యి వాట్లు దాటింది. రాజారత్నం పెదవులు కదులుతున్నాయి, లోపల్లోపల సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

నిమిషం దాటాక వాసన వచ్చింది. ఆ వాసన షబ్రీన్‌కు పుట్టినప్పటి నుంచి తెలుసు. వార్నిష్ మాడే వాసన. ఆమె కర్రను కిందికి లాగేలోపే మోటారులోంచి తెల్లటి పొగ వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు.

"సార్, ఏమనుకోవద్దు," అన్నాడు ధనశేఖర్. "ఇది గాల్లో జరిగుంటే ఐదు కేజీల విమానం ఎవురి నెత్తిన పడేది? మంచి కంపెనీ మోటారు తెప్పించుకోండి. నేనే తెప్పించి ఇస్తా. ఈమె ఫ్యాన్లు చుట్టేది వేరే, ఇది వేరే."

అతను చెప్పిన మొదటి మాట నిజమే. అందుకే రెండో మాట విని కూడా షబ్రీన్ వంగి తోకకు కట్టిన తాడు విప్పసాగింది. ముగ్గురూ విమానాన్ని ఆటోలోకి ఎక్కించి ఇంటికి తిరిగారు.

సోమవారం ఆమె షాపు తెరిచేసరికి హజరత్ వలి అప్పటికే లోపల ఉన్నాడు. మోటారు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. వణికే బొటనవేలి గోరును ఒక్కో పంటి అంచు మీదా గీస్తున్నాడు. ఇరవై రెండో పంటి దగ్గర ఆగాడు.

"ఈడ సూడు బేటీ."

తీగ మీది పూత గీసుకుపోయి, రాగి ఇనుముకు తగిలి, ఆ చోట నల్లగా మాడి ఉంది.

"పంటి అంచు కత్తి మాదిరి ఉండాది. బోరు మోటార్లో కాగితం ఎయ్యకుండా ఎప్పుడన్నా చుట్టినావా?"

"దీంట్లో చోటు లేదబ్బా. కాగితం ఏస్తే ఆరు చుట్లు పట్టవు."

"పట్టేతట్ల చుట్టు."

ఆయన మోటారు ఆమె చేతిలో పెట్టాడు. ఇంక చెప్పనక్కర లేదు. మోటారు చిన్నదని, కొత్త రకమని, అన్నీ కొత్తగా ఆలోచించాలనుకుని, పన్నెండేళ్లప్పుడు నేర్చుకున్న మొదటి పాఠమే వదిలేసింది ఆమె.

తీగంతా కోసి పారేసింది. సన్న ఆకురాయితో ముప్పై ఆరు పళ్ల అంచులూ గుండ్రంగా రుద్దింది. సిగరెట్టు కాగితమంత పలచటి ఇన్సులేషను పొరను కత్తిరించి, ప్రతి పంటికీ తొడిగింది. ఇక మిగిలింది చోటు సమస్య. లావు తీగ ఒక్కటి చుడితే గుండ్రటి తీగల మధ్య సందులు వృథాగా పోతాయి. దాని బదులు ఎనిమిది సన్న తీగలు పక్కపక్కన పేర్చి, చాపలా పరిచి చుట్టింది. ఒక తీగ ఇంకోదాని మీదికి ఎక్కితే ఆ పన్ను మొత్తం విప్పి మళ్లీ మొదలు. హజరత్ వలి ముందు కుర్చీని లోపలికి జరుపుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. గిరాకీ వస్తే "గురువారం రా అప్పా" అని పంపించేశాడు. ఒక్కో పన్ను పూర్తయినప్పుడు మోటారు అందుకుని, గోరుతో గీసి చూసి తిరిగి ఇచ్చేవాడు. పదిహేనో పన్ను, ఇరవై ఎనిమిదో పన్ను విప్పించాడు. మిగతావాటికి తల ఊపాడు.

నాలుగు రోజులు పట్టింది. ప్రతి పంటికీ ఆరు చుట్లూ పట్టాయి. వార్నిష్‌లో ముంచి, బల్బు వెలిగే రేకు డబ్బాలో ఒక పగలంతా ఆరబెట్టారు. ఇన్సులేషను కొలిచే మెగ్గరు పెట్టి చూస్తే ముల్లు చివరిదాకా పోయి నిలిచింది. తీగకూ ఇనుముకూ ఎక్కడా తగులు లేదు.

శనివారం రాజారత్నం వచ్చి మోటారు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లకు ఎదురుగా తెచ్చుకుని తీగల వరసలు చాలాసేపు చూశాడు.

"ఇది నా విమానానికి తగినది," అన్నాడు.

ఆదివారం ఉదయం వాళ్లు మళ్లీ మైదానంలో దిగగానే ధనశేఖర్ మోటారు వంక చూశాడు. "కొత్తది తెప్పించినారా?"

"అదే. మళ్లీ చుట్టినాను. తాడు కట్టండి," అంది షబ్రీన్.

ఈసారి ధనశేఖరే గడియారం పట్టుకున్నాడు. ఒక నిమిషం. వెయ్యి యాభై వాట్లు. రెండు నిమిషాలు. దుమ్ము లేచి వెనక ఉన్నవాళ్ల ముఖాలు కప్పేసింది, అయినా ఎవరూ జరగలేదు. మూడో నిమిషం పూర్తయ్యింది. షబ్రీన్ ఆపలేదు.

"చాలక్కా, మూడు అయింది," అన్నాడతను.

"నాలుగు కానియ్యి."

నాలుగు నిమిషాలయ్యాక ఆపింది. ధనశేఖర్ వంగి మోటారు మీద అరచెయ్యి పెట్టాడు. తీయలేదు. వెచ్చగా ఉంది, అంతే. వెనక్కి వెళ్లి తోకకు కట్టిన తాడు తనే విప్పాడు.

నిండు బ్యాటరీ పెట్టారు. రాజారత్నం చేత్తో తడుముతూ రెక్కల అంచులూ తోకా రిమోటు చెప్పినట్టు కదులుతున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకున్నాడు. విమానాన్ని గాలికి ఎదురుగా నిలబెట్టాక షబ్రీన్ వెనక, భుజానికి ఒక్క అడుగు దూరంలో వచ్చి నిలుచున్నాడు.

"నీదే ఇంక," అన్నాడు.

ఆమె కర్ర తోసింది. విమానం నింపాదిగా కదిలి, వేగం అందుకుంది. పది అడుగులు, ఇరవై, ముప్పై. చక్రాలు నేల గుంటల మీద గెంతుతున్నాయి. ఆ గెంతడం ఒక్కసారిగా ఆగిపోయింది. చక్రాల కింద వెలుతురు కనిపించింది.

"లేసింది!" అని ఎవరో అరిచారు.

ఎనిమిదడుగుల రెక్కల మీద ఎండ పడింది. పలచటి పసుపు పొరలోంచి లోపలి ఎముకల నీడలు ఒక్కొక్కటీ కనిపించాయి. అంత పెద్దది ఏ తొందరా లేకుండా మెల్లగా పైకి పోతోంది. షబ్రీన్ రెప్ప వేయకుండా దాని వెంటే చూపు తిప్పింది.

"యాడుండాది?" అడిగాడు రాజారత్నం. ఆయన తల ఆకాశమంతా వెతుకుతోంది.

"ఎడమ పక్క, తాటిచెట్ల పైన. బాగా పోతాండాది సార్."

"తిప్పు. మెల్లగా."

తిప్పింది. విమానం ముక్కు వీళ్ల వైపు తిరిగింది. అప్పుడే కొండ వైపు నుంచి గాలి తోసింది. ఒక రెక్క బాగా వాలిపోయింది. ఎండ కళ్లలో పడి, అది వస్తోందో పోతోందో ఆమెకు ఒక్క క్షణం తెలియలేదు. వేళ్లు బిగుసుకున్నాయి.

"సార్, వాలిపోతాండాది!"

"ఏ రెక్క?"

"కుడి... నా కుడి చేతి పక్కది!"

"గుంజ పెట్టు."

ఆమె కర్రను కుడికి నెట్టింది. ఒక్క ఊపిరి కాలం ఏమీ జరగలేదు. తరువాత వాలిన రెక్క, బరువైన తలుపు తెరుచుకున్నట్టు, నింపాదిగా పైకి లేచి సమానమైంది. వెనక పది మంది ఒకేసారి ఊపిరి వదలడం వినిపించింది.

ఇంకో రెండు చుట్లు తిప్పింది. ఇప్పుడు చేతులు వాటంతట అవే పోతున్నాయి. కానీ వెనక నిలుచున్న మనిషి ఇంకా చూడలేదని ఆమెకు తెలుసు. ఆరేళ్లు కట్టిన మనిషి, అది ఎగురుతోందని ఇతరుల నోట వింటున్నాడు.

"సార్, నా ముందుకు రండి. రెండు అడుగులు. తల తిప్పొద్దు. ఎదురుగా ఆ తెల్ల జెండా కర్ర కనపడతా ఉండాదా?"

"కనపడతా ఉండాది."

"దాన్నే సూస్తా ఉండండి."

మైదానం ఆ చివర విమానాన్ని తిప్పి, వేగం తగ్గించి, కిందికి దించింది. మనిషి ఎత్తుకు కొంచెం పైన, దిగే దారి వెంబడి తిన్నగా తెచ్చింది. ఇంజను మోత లేదు. రెక్కలు గాలిని కోస్తున్న చప్పుడు, ప్రొపెల్లరు హోరు మాత్రం దగ్గరయ్యాయి. విమానం జెండా కర్ర ముందుగా, రాజారత్నం కళ్లకు ఎదురుగా, ముప్పై అడుగుల దూరంలో మొత్తం దాటిపోయింది. ముక్కు, రెక్కలు, తోక, అన్నీ.

ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఇంజను డ్రైవరు గొంతుతో, మైదానమంతా వినబడేట్టు కేక పెట్టాడు. అది మాట కాదు. షబ్రీన్ తలమీద తువ్వాలు జారిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. హజరత్ వలి చప్పట్లు కొడుతున్నాడు. వణికే చేతులు ఒకదానికొకటి సరిగా తగలడం లేదు, అయినా ఆపలేదు.

"మళ్లీ!" అన్నాడు రాజారత్నం. "ఇంకొకసారి తే!"

మూడుసార్లు తెచ్చింది. తరువాత గాలికి ఎదురుగా తిప్పి, మోటారు తగ్గించి, దింపింది. చక్రాలు తగిలి ఒకసారి గెంతి, నిలకడగా పరుగెత్తి, వాళ్లకు నలభై అడుగుల దూరంలో ఆగింది. జనం అటు పరుగెత్తారు.

ధనశేఖర్ మాత్రం ఆమె దగ్గరికి వచ్చాడు. "అక్కా, పోయిన వారం అట్ల అనుండకూడదు. నా దగ్గర కాలిపోయిన మోటార్లు పెట్టెడు ఉండాయి. చుట్టిస్తావా?"

"కాగితం ఏసి చుట్టల్ల. ఒక్కోదానికి నాలుగు రోజులు పడతాది."

"వారం పట్టినా సరే."

"అయితే తెచ్చి మా నాయనకు ఇచ్చిపో. తీసుకునేదీ, సరి సూసేదీ ఆయనే."

హజరత్ వలి గంభీరంగా తల ఊపాడు. వెంటనే ధనశేఖర్‌ను, అతని షాపు ఎక్కడుందో, మోటార్లు ఏ సైజువో వివరాలు అడగడం మొదలుపెట్టాడు.

ఎండ ఎక్కేదాకా మూడో బ్యాటరీతో కూడా ఎగరేశారు. తిరుగు ప్రయాణంలో ట్రాలీ ఆటో వెనక రెక్కలు వాళ్ల మోకాళ్ల మీద అడ్డంగా పరుచుకుని కూర్చున్నారు. చంద్రగిరి వైపు పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. రాజారత్నం జేబులోంచి పెన్సిలు తీసి, మోకాలి మీద అట్టముక్క పెట్టుకుని ఏదో గీయసాగాడు. షబ్రీన్ వంగి చూసింది. రెక్కలు ఇంకా పొడవు. ఒక్కో రెక్కకు ఒక్కో గుండ్రం.

"రెండు మోటార్లా సార్?"

"ఆఁ. చెయ్యగలవా?"

"రెండూ ఒకే పక్కకు తిరిగితే లాగుతాది కదా. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరగల్ల." ఆమె పెన్సిలు అందుకుని రెండు బాణం గుర్తులు వేసింది. "మోటారుకు మూడు తీగలు. రెండు తీగలు మార్చి కలిపితే చాలు, ఎదురు తిరుగుతాది. రెక్కలు ఎన్ని అడుగులు?"

"పది."

"మీ అటకలో పట్టదు," అన్నాడు హజరత్ వలి.

"అటక ఎందుకు వలీ సాబ్? ఇది ఎక్కేదానికి ఇంక ఆకాశముండాది," అన్నాడు రాజారత్నం. షబ్రీన్ అప్పటికే అట్టముక్క అంచున, పంటికి ఎన్ని చుట్లో లెక్క వేసుకుంటోంది.